స్కోఫీల్డ్స్ పొలం ప్రార్థన

మా చెల్లెలు అమృతం ఎలా పోయిందని అడిగితే సిడ్నీలో ఉన్న తెలుగువాళ్ళు తలో కథ చెబుతారు. ఉపవాసం ఎక్కువై పోయిందని కొందరు, మెదడువాపు జ్వరమని కొందరు, ప్రార్థనలో ఉండగానే ప్రభువు పిలుచుకున్నాడని ఇంకొందరు. ఆ చివరి మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. నాకు శాంతి అని పేరు పెట్టినప్పుడు మా నాన్న బాగా తొందరపడ్డాడని మా బంధువులంతా అంటారు, నేనూ కాదనను. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సుగా ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాను. రోగులు నా చేతిని మెచ్చుకుంటారు, నా నోటికి భయపడతారు. ఆ నోటితోనే జరిగింది జరిగినట్టు చెబుతాను.

అమృతం మొగుడు మరియదాసు కూడా మా ఆసుపత్రిలోనే ట్రాలీలు తోసే ఉద్యోగం చేసేవాడు. చిలకలూరిపేట వైపు మిరప రైతుల బిడ్డ. రైల్లో పోతూ కిటికీలోంచి ఖాళీ నేల కనిపిస్తే మెడ తిప్పుకుని మరీ చూసేవాడు. ఎనభై తొమ్మిదిలో సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో చార్లీ అనే మాల్టా దేశపు ముసలాయన దగ్గర కొంచెం నేల కౌలుకి తీసుకున్నాడు. చార్లీ జీవితమంతా స్ట్రాబెర్రీ పండించినవాడే. మోకాళ్ళు అరిగిపోయి వంగలేక సగం పొలం మావాళ్ళకిచ్చాడు.

స్ట్రాబెర్రీ అంటే మాకు అప్పటిదాకా జామ్ సీసా మీది బొమ్మ. అది చెట్టుకీ తీగకీ కాయదనీ, నేలనంటుకుని పెరిగే ఆకుల గుత్తికి కాస్తుందనీ అక్కడే చూశాం. చలిదేశాల పండుని ఎండదేశంలో పెంచి అమ్మడమంటే రోజూ ఎండతో పరుగుపందెమే. పొద్దెక్కకముందే కోసెయ్యాలి. పండుని పట్టుకోకూడదు, కాడని గోటితో తుంచాలి. వేలు నొక్కుకున్నచోట మధ్యాహ్నానికి మెత్తబడుతుంది, మర్నాటికి బూజు పడుతుంది, ఆ ఒక్కటీ డబ్బాలో ఉన్న మిగతావాటిని కూడా పాడుచేస్తుంది. ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాల్ని ఇక్కడ పన్నెట్లు అంటారు. పండ్ల ముఖాలు పైకి ఉండేలా వాటిల్లో సర్ది, వ్యాన్‌లో ఫ్లెమింగ్టన్ మార్కెట్‌కి చేర్చాలి. పక్క రాష్ట్రం క్వీన్స్‌లాండ్ నుంచి లారీల్లో వచ్చే సరుకు బోలెడుంటుంది కానీ అది దారిలోనే పాతబడుతుంది. కోసిన పూటే మార్కెట్‌లో దిగడం స్కోఫీల్డ్స్ పండుకున్న ఒకే ఒక్క గొప్ప. ఎండలో వ్యాన్ ఆగిపోతే ఆ గొప్ప కూడా లేదు, సరుకంతా పారబోసుకోవడమే.

అమృతం చేతిలో ఒక్క పండు నలిగేది కాదు. చార్లీ అంతటివాడు పక్కన నిలబడి చూసి మెచ్చుకునేవాడు. అది ఆ పనిలోకి దిగింది ఎప్పుడనుకున్నారు? నెలలు నిండిన మగబిడ్డ కడుపులోనే పోయి, పచ్చి బాలింతగా ఉన్నప్పుడు. పోయిన బిడ్డని గుడ్డలో చుట్టి చూపిస్తే ఒక్కసారి చూసి ముఖం తిప్పేసుకుంది. కంట నీటిచుక్క లేదు. ఎనిమిదేళ్ళ కూతురు డయానా ఏడ్చింది, మరియదాసు గోడకి తల ఆనించి ఏడ్చాడు, ఊరందరి మీదా అరిచే నేనూ ఏడ్చాను. అది మాత్రం వేడినీళ్ళు కాచుకుని స్నానం చేసి, కొద్దిరోజులకే పొలంలో వంగి పండ్లు కోయడం మొదలుపెట్టింది.

"ఏడవవే, తల్లీ," అని ఎన్నిసార్లు బతిమాలానో.

"రావట్లేదక్కా," అనేది, అదేదో దగ్గు రావట్లేదన్నట్టు.

ఇక్కడ ఎండలు మొదలయ్యే అక్టోబరులో ఒక వేడిగాలి తోలింది. ఆ గాలికి మొక్కలు వాలిపోయాయి. వాలినవి నీళ్ళు పెట్టినా లేవలేదు. పీకి చూస్తే వేళ్ళు నల్లగా కుళ్ళి ఉన్నాయి. ఈ మట్టికి జబ్బు చేసిందనీ, గ్యాసు పెట్టి మట్టిలోని తెగులు చంపకుండా ఈ చుట్టుపక్కల ఎవరూ మొక్క నాటరనీ చార్లీ చెప్పాడు. మరుసటి ఏడు మార్చిలో నాట్లకి ముందు ఆయనే గ్యాసు డబ్బాలు తెచ్చాడు. పొలంలో ఇనుప కమ్మీలు వంచి, మీద ప్లాస్టిక్ కప్పిన పొడుగాటి గుడారం ఒకటుంది. టన్నెల్ అంటారు. అందులో నాటితే అందరికంటే ముందు పండు చేతికొస్తుంది, మొదటి పండుకే మార్కెట్‌లో మర్యాద. అందుకని మొదట దానిలోని మట్టికే గ్యాసు పెట్టి, మట్టిమీద ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు మట్టితో పూడ్చారు.

ఆ గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. గాలికంటే బరువు కాబట్టి నేలమీదే పడి ఉంటుంది. మనిషికి తెలియకుండా లోపలికి పోతుందని దానిలో కళ్ళు మండించే మందు కొంచెం కలుపుతారు. కళ్ళలో నీళ్ళొచ్చాయంటే వెనక్కి తిరిగి చూడకుండా బయటికి పరిగెత్తాలి. ఈ మాట చార్లీ మరియదాసుకి మళ్ళీ మళ్ళీ చెప్పాడు. వచ్చే వారం తనే దగ్గరుండి పట్టా తీయిస్తాననీ, అప్పటిదాకా ఎవరూ లోపలికి పోవద్దనీ చెప్పాడు. మరియదాసు ఇంటికొచ్చి పెళ్ళానికి, "మందు పెట్టాం, వారం ఆగాల," అని చెప్పి ఊరుకున్నాడు. మొగుళ్ళు పెళ్ళాలకి చెప్పేది ఎప్పుడూ సగమే.

మా వైపు క్రైస్తవుల్లో ఒక అలవాటుంది. కొత్త నేలలో మొక్క పడేముందు సంఘమంతా ఆ పొలానికి వెళుతుంది. అందరూ మట్టిలో మోకాళ్ళూని, నుదురు నేలకి ఆనించి ప్రార్థన చేస్తారు. పొలం ప్రార్థన అంటాం. పోయిన ఏడు హడావిడిలో అది చేయించకుండానే నాటారు. పంట పోయింది, బిడ్డ పోయాడు. ఈ రెండింటినీ అమృతం తన మనసులో ముడేసుకుంది. ఎవరు ముడి వేయించారని నేను అడగను. అటువంటి ముడులు మా ఇళ్ళలో వాటంతటవే పడతాయి.

మా తెలుగు సంఘానికి అప్పట్లో పాస్టరు లేడు. పారమట్టాలో ఒక చర్చి వాళ్ళు ఆదివారాలు హాలు ఇచ్చేవాళ్ళు. ఏలియా గారని, రేపల్లెలో హెడ్మాస్టరుగా చేసి ఇక్కడ రైల్వే స్టేషన్లో టికెట్లు చూసే పెద్దాయన వాక్యం చెప్పేవాడు. మామూలప్పుడు ఆయన మాకందరికీ అంకుల్, బైబిలు తెరిస్తే అయ్యగారు. మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే దీనిలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉంటే నాకెంతో తేలికగా ఉండేది.

శనివారం ప్రార్థన అనగా గురువారం నుంచే అమృతం ఉపవాసం పట్టింది. నాకు తెలిసి ఫోన్‌లో అందుకున్నాను.

"ఏమే, నీకు బుద్ధుందా? నువ్వు కడుపు మాడ్చుకుంటే మొక్కలు పెరుగుతయ్యా?"

"మొక్కల కోసం కాదక్కా."

"మరి ఇంకెందుకు?"

"నాకు ఏడుపు రావాల. బాబు పోయిన కాడ్నించీ లోపలంతా ఎండిపోయింది. దేవుడు నన్నొదిలేశాడో ఏందో తెలియట్లా. ఆయన తాకితే ఏడుపొచ్చిద్ది, అప్పుడు నాకు తెలిసిద్ది, ఆయన నన్నొదల్లేదని."

"ఏడవటానికి ఉపవాసాలెందుకే? ఈ ఆదోరం మా ఫ్లాట్‌కి రా, నాలుగు తిడతా. నీకే వస్తది ఏడుపు."

అది నవ్వింది. ఆ నవ్వు చూసి, కాదు, విని, పోనీలే అనుకున్నాను. శనివారం నాకు డ్యూటీ. నేను వెళ్ళలేదు.

ఆ రోజు జరిగిందంతా అక్కడున్నవాళ్ళ నోటినుంచి విన్నదే. సంఘంలోని కుటుంబాలన్నీ కార్లేసుకుని స్కోఫీల్డ్స్ వెళ్ళాయి. చార్లీ ఏదో పెళ్ళికని ఊళ్ళో లేడు. బయట గట్టుమీద ప్రార్థన అనుకున్నారు. పాట ఎత్తుకోగానే వాన మొదలైంది. వానంటే మామూలు వాన కాదు, గొడుగులు ఎదురు తిరిగే వాన. అందరూ టన్నెల్‌లోకి పరిగెత్తారు. జల్లు లోపలికి కొడుతోందని రెండు చివర్లా తెరలు దించి కట్టేశారు.

"అయ్యగారూ, ఇందులో మందు పెట్టామండి. కార్లలో కూకుందామండి, వాన తగ్గిందాకా," అన్నాడు మరియదాసు.

అన్నాడని అందరూ ఒప్పుకుంటున్నారు. గట్టిగా అనలేదని కూడా అందరూ ఒప్పుకుంటున్నారు. మందు పెట్టింది బుధవారం కదా, ఈపాటికి పోయి ఉంటుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడట. అంతలో ఏలియా గారు కిందకి చూసి, మట్టి కనపడకుండా పరిచిన పట్టాని కాలితో తట్టి, "దేవుడికీ నేలకీ మధ్య ఈ ప్లాస్టిక్ ఏంటయ్యా? తీసెయ్యండి," అన్నాడు. పట్టా మొదటి కొస పట్టుకుని చుట్టింది మరియదాసే. పెద్దాయన చెప్పాడు, సంఘం చూస్తోంది, తన పొలం, తన ప్రార్థన. చుట్టాడు.

అందరూ మోకాళ్ళూనారు. పిల్లల్ని తీసుకుని ఆడవాళ్ళు కొందరు తెర దగ్గర ఉండిపోయారు. అమృతం మాత్రం అందరికంటే లోపలికి, గుడారం చివరిదాకా నడిచివెళ్ళి, మట్టిమీద బోర్లా పడినట్టు వంగి, నుదురూ రెండు చేతులూ నేలకి ఆనించింది. ఏలియా గారు నిలబడి ప్రార్థన ఎత్తుకున్నాడు. కొద్దిసేపటికి ఆయన గొంతు పూడుకుపోయింది, కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఒకరి తర్వాత ఒకరు అందరికీ కళ్ళు కారాయి. అప్పటిదాకా మా సంఘం అంత గొప్ప సంఘమేం కాదు. ప్రార్థనలో వాచీలు చూసుకునేవాళ్ళు, బయటికెళ్ళి వంటల గురించి మాట్లాడుకునేవాళ్ళు. అటువంటి మాకు ఒకేసారి అందరికీ కన్నీళ్ళొస్తే ఏమనుకుంటాం? పరిశుద్ధాత్మ దిగొచ్చిందని ఎవరో కేకేశారు. స్తోత్రమని అందరూ అరిచారు.

"మమ్మీ, మై ఐస్ ఆర్ స్టింగింగ్! లెట్స్ గో!" అని డయానా అరిచింది. దాన్ని ఎవరో ష్ అన్నారు. అది ఊరుకోకుండా తెర కిందనుంచి దూరి వానలోకి పరిగెత్తింది, దాని వెనకే మిగతా పిల్లలు, పిల్లల కోసం తల్లులు. భక్తి లేనివాళ్ళంతా ఆ రకంగా బతికిపోయారు. చివర్న వంగి ఉన్న అమృతం లేవలేదు. ఎక్కెక్కి ఏడుస్తోంది. వాన తగ్గి, అందరూ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాక కూడా దాన్ని కాసేపు కదపొద్దన్నారు. చివరికి తనే లేచి వచ్చి, మట్టి ముఖంతో నవ్విందట.

ఆదివారం పొద్దున నేను వార్డులో ఉండగా ఎమర్జెన్సీ నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి అమృతం మంచంమీద ఉంది. నాలిక మడతపడుతోంది, చేతులూ కాళ్ళూ వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి. రాత్రి తలనొప్పి, వాంతులు, తెల్లారేసరికి నడిస్తే తూలిపోవడం. మరియదాసు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఎవరేమడిగినా ఒకటే మాట, "ఉపవాసం ఉందండి, మూడ్రోజుల ఉపవాసం." డ్యూటీలో ఉన్నది వరంగల్ నుంచి వచ్చిన డాక్టర్ అచ్యుత్. చక్కెర చూశారు, బాగానే ఉంది. జ్వరం లేదు. మెదడువాపేమో చూడటానికి వెన్నులోంచి నీరు తీయాలని ఏర్పాట్లు చేస్తున్నారు.

నేను దాని చీర మార్చి ఆసుపత్రి గౌను తొడుగుతున్నాను. మోకాళ్ళ మీద బొబ్బలు. వేడినూనె పడితే లేస్తాయే, అంతంత నీటి బొబ్బలు. అరచేతుల్లో ఎర్రగా కాలినట్టు ఉంది. నుదుటిమీద చర్మం పొంగింది. మా అమ్మ జీవితమంతా మోకాళ్ళమీదే గడిపింది. ప్రార్థన చేస్తే మోకాళ్ళు కాయలు కాస్తాయి, బొబ్బలెక్కవు.

బయటికొచ్చి మరియదాసుని చూశాను. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు, ప్యాంటు గుడ్డ తగిలితేనే నొప్పి అన్నట్టు. వరసకి మరిది, పది మంది తిరిగే చోటు, అవేవీ నాకు గుర్తులేవు. వంగి ప్యాంటు మోకాలిదాకా లాగాను. అవే బొబ్బలు.

"ఏం చేశారయ్యా అక్కడ? నిజం చెప్పు."

"ప్రార్థన వదినా..."

"ప్రార్థనకి బొబ్బలెక్కుతయ్యా? నా చెల్లెలు లోపల చచ్చిపోతా ఉంది. ఏం చేశారు?"

అప్పుడు చెప్పాడు. గ్యాసు సంగతి, చార్లీ మాటలు, ప్లాస్టిక్ చుట్టడం, అన్నీ చెప్పాడు.

"కళ్ళు మండినప్పుడన్నా నీకు తెలియలేదా?"

"తెలిసింది వదినా."

"తెలిసీ?"

"లేచి చెప్దామనే ఒక కాలు లేపా. అయ్యగారు ఏడస్తన్నారు. అందరూ ఏడస్తన్నారు. ఆత్మ దిగొచ్చిందంటన్నారు. అమృతం..." ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "బాబు పోయినాక అది ఏడవటం నేను చూళ్ళేదు వదినా. పసిపిల్ల ఏడ్చినట్టు ఏడస్తంది. ఇది గ్యాసు, లేవండి అని ఎట్టా చెప్పమంటారు? ఒకేళ నిజంగా ఆయనే వచ్చుంటే? ఒక్క నిమిషం ఆగుదాం అనుకున్నా. దాన్ని ఏడవనిద్దాం అనుకున్నా."

చెంప పగలగొట్టాలనిపించింది. అంతలోనే వాణ్ణి పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండింటికీ టైము లేదు. చెయ్యి పట్టుకుని డాక్టర్ అచ్యుత్ ముందు నిలబెట్టాను. మొత్తం విన్నాక ఆయన ముఖం వాడిపోయింది.

"గిది పొద్దున్నే చెప్పొద్దా తమ్మీ!" అని, నావైపు తిరిగి, "సిస్టర్, ఆడ ఉన్నోళ్ళందర్నీ పిలిపియ్యండి. ఇది లోపలికి పోయి గంటలు గడిచినంక గాని బయటపడదు," అన్నాడు.

"విరుగుడు ఉందా డాక్టర్?"

ఆయన నాతో ఎప్పుడూ తిప్పి మాట్లాడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు. "లేదు. ఫిట్లు ఆపుదం, ఊపిరి నిలబెడదం. మిగిలింది ఆమె ఒంట్ల ఎంత పోయిందనే దాని మీద ఉంటది."

హాలుకి ఫోన్ చేస్తే ఆరాధన జరుగుతోంది, ఎవరూ ఎత్తలేదు. టాక్సీ కట్టించుకుని యూనిఫాంతోనే వెళ్ళాను. ఏలియా గారు ముందు నిలబడి శనివారం సంగతే సాక్ష్యం చెబుతున్నాడు. చెబుతుంటే ఆయన చేతిలో బైబిలు వణుకుతోంది. జనం ఆ వణుకుని కూడా చూసి స్తోత్రం అంటున్నారు. నేను నడవలో నిలబడి, నిన్న టన్నెల్‌లో ఉన్నవాళ్ళంతా ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరాలని అరిచాను. ఎందుకని ఎవరో అడిగారు. అది విషం గ్యాసు కాబట్టి అన్నాను. ఒకావిడ నన్ను సాతాను మాటలు మాట్లాడొద్దంది. ఏలియా గారు మాత్రం నన్ను చూశాడు, తన చేతుల్ని చూసుకున్నాడు, బైబిలు మూసి, "పదండి," అన్నాడు.

మిగతావాళ్ళు తలనొప్పులతో, కళ్ళమంటలతో బయటపడ్డారు. నిలబడి ప్రార్థించాడు కనుక ఏలియా గారికీ ప్రాణభయం లేదన్నారు, వణుకు మాత్రం కొన్నాళ్ళుంటుందట. ఆయన వరండాలో నా పక్కన కూర్చుని, "మరి ఆ కన్నీళ్ళు, శాంతమ్మా?" అని అడిగాడు.

"గ్యాసు, అంకుల్."

ఆయన తల వంచుకున్నాడు. "ప్లాస్టిక్ తియ్యమంది నేనే. ఆ బిడ్డతో చెప్పి క్షమాపణ అడుక్కోవాల."

"వీల్లేదు," అన్నాను. "అది బతికితే అప్పుడు అడుక్కోండి. ఇప్పుడు మాత్రం దానికి ఒక్క మాట చెప్పటానికి వీల్లేదు." అంత పెద్దాయనతో అలా మాట్లాడినందుకు నాకేం సిగ్గనిపించలేదు.

సోమవారం పొద్దున చార్లీ వచ్చాడు. టోపీ చేతిలో నలుపుకుంటూ, తను పెళ్ళికి పోకుండా ఉండాల్సిందని ఏడ్చాడు. పోతూ పోతూ, చెప్పలేక చెప్పలేక, నాటడానికి ఆర్డరిచ్చిన మొక్కలు లారీలో దిగాయనీ, రెండు రోజుల్లో నాటకపోతే పెట్టెల్లోనే కుళ్ళిపోతాయనీ మరియదాసుకి చెప్పాడు. పారేయమన్నాడు మరియదాసు. స్ట్రాబెర్రీ ఎవరి కోసమూ ఆగదు. అది మొక్క అయినా అంతే, పండు అయినా అంతే.

ఆ మధ్యాహ్నం ఫిట్లు ఆగి అమృతానికి తెలివొచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ముఖం మీదికి వంగితే, నాలిక కూడదీసుకుని ఒక్కో మాటే అంది.

"అక్కా, నేనేడిచా."

"తెలుసే."

"ఆపుకోలేకపోయా. ఎంతేడిచానో." పెదాలు నవ్వాయి. బిడ్డ పోయినప్పట్నుంచీ అంత తేటగా నవ్వలేదు. "ఆయనే గదక్కా నన్ను తాకింది?"

చిన్నప్పుడు దాని బొమ్మ విరిగితే, విరిగిందే, ఇంక అతకదు, అని చెప్పినదాన్ని నేను. రోగులకి చావు కబురు కూడా దాచకుండా చెప్పినదాన్ని. నా చెల్లెలు పోతుందని నాకు అప్పటికే అర్థమైపోయింది. దానికి మిగిలింది ఆ ఒక్కటే.

"ఆయనే," అన్నాను. మాట తడబడలేదు.

వెనక మరియదాసు నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. దాని చెయ్యి పట్టుకుని, "కాదు అమృతం, కాదు, అది గ్యాసు. మట్టిలో మేం పెట్టిన గ్యాసు. నాకు తెలుసు, నాకు తెలిసే ఊరుకున్నా. నన్ను క్షమించు," అన్నాడు. నేను భుజం పట్టుకుని లాగాను, నోరు మూయబోయాను. ఆగలేదు. రెండు రోజులు మోసినదంతా దాని గుండెలమీద దించేశాడు. శనివారం నోరు విప్పాల్సినవాడు సోమవారం విప్పాడు. నాకు వాడిమీద ఈ జన్మకి తీరని కోపం ఏదైనా ఉందంటే అది ప్లాస్టిక్ చుట్టినందుకు కాదు, ఇందుకు.

అమృతం వాణ్ణి చూడలేదు. నన్నే చూసింది.

"నిజవేనా అక్కా?"

నేను దాని దుప్పటి సర్దాను. ఆ సర్దడమే దానికి జవాబైపోయింది. ముఖంలో ఆ తేట పోయింది. కళ్ళు మూసుకుంటుందనుకున్నాను. మూసుకోలేదు. చాలాసేపు ఏదో వెతుక్కుంటున్నట్టు ఉండి, అప్పుడు అడిగింది.

"గ్యాసే అయితే... మరి నాకు బాబు ఎందుకు కనిపించాడు? ఆ రోజు గుడ్డలో చూపిస్తే సరిగ్గా చూళ్ళేకపోయా. అక్కడ కనిపించాడక్కా. కళ్ళు తెరిచి ఉన్నాడు. ఎందుకు కనిపించాడు?"

జవాబు నాకు తెలుసు. ఆ గ్యాసు మెదడుకెక్కితే లేనివి కనిపిస్తాయని డాక్టర్ అచ్యుత్ పొద్దున్నే చెప్పాడు. అప్పుడు మరియదాసు కూడా నా పక్కనే ఉన్నాడు. నేను వాణ్ణి చూశాను, వాడు నన్ను చూశాడు. అమృతం మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ ఎదురుచూసింది. ఎవరో ఒకరం ఏదో ఒకటి చెప్పేలోపే దాని చెయ్యి నా చేతిలో ఎగిరిపడింది, మళ్ళీ ఫిట్లు మొదలయ్యాయి. ఆ తర్వాత దానికి తెలివి రాలేదు.